షుడ్ అంటే చెయ్యాలె అనే కదా అక్కా?

శనివారం సాయంత్రం సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద నడుస్తున్నాం, నేనూ మా చిన్నమ్మ కొడుకూ. వాడికి బీటెక్ అయిపోయి ఏడాది. పది రోజుల కింద ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఇచ్చాడు. బాగా చేశానని ఇంట్లో అందరికీ చెప్పాడు కూడా. ఆ రోజు మాత్రం మొహం మాడ్చుకుని ఉన్నాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

హెచ్ఆర్ నుంచి వచ్చిన మెయిల్. అందులో చివరి లైన్: ‘యూ షుడ్ హియర్ ఫ్రమ్ అస్ బై ఫ్రైడే.’

“శుక్రారం పోయింది. ఏం రాలే. షుడ్ అంటే చెయ్యాలె అనే కదా అక్కా? చెప్పినంక చెయ్యకపోతే ఎట్ల?”

కింద వాడు రాసిపెట్టుకున్న జవాబు ఉంది. ఇంకా పంపలేదు. ‘యూ సెడ్ ఫ్రైడే. యూ మస్ట్ టెల్ మై రిజల్ట్ టుడే.’

“ఇది పంపకు. ఆగు” అన్నా.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆరేళ్ల కింద ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ ఇవే మాటల దగ్గర బోర్లా పడ్డా. షుడ్, మస్ట్, హ్యావ్ టు, మైట్... స్కూల్లో మార్కులు తెచ్చిన మాటలే. కానీ మార్కులు వచ్చినంత మాత్రాన మనిషి మనసు అర్థమైనట్టు కాదని జీతం వచ్చే చోట తెలిసింది.

ఒక్క ‘ఆలి’, వంద పనులు

ముందు మన భాష సంగతి చూద్దాం. ‘చెయ్యాలి’ అన్న ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయించుకుంటామో గమనించారా?

‘టికెట్ తీసుకోవాలి’ అంటే రూల్. ‘నీళ్లు ఎక్కువ తాగాలి’ అంటే సలహా. ‘ఒక్కసారైనా గోవా పోవాలి’ అంటే కోరిక. ‘ఈపాటికి బస్సు గజ్వేల్ దాటి ఉండాలి’ అంటే అంచనా. నాలుగింటికీ తోక ఒకటే. అర్థం మారేది గొంతును బట్టి, ఎదుటి మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి.

ఈ తోక పాత తెలుగు ‘వలెను’ నుంచి వచ్చింది. ‘చేయవలెను’ అరిగి అరిగి ఒక చోట ‘చెయ్యాలి’ అయింది, మన దగ్గర ‘చెయ్యాలె’ అయింది. అంటే ‘గట్ల మాట్లాడితే ఎట్ల’ అని ఎవరైనా మన యాసను ఎక్కిరిస్తే చెప్పండి, ఆ చివరి ‘లె’ని జాగ్రత్తగా దాచుకున్నది మనమే అని. ఆ ‘వలెను’కు అసలు అర్థం కావడం, అవసరం. ‘కావాలి’లో ఉన్నదీ అదే.

ఇంగ్లీష్ వాళ్లది వేరే దారి. పాత ఇంగ్లీష్‌లో ‘షల్’ అంటే బాకీ ఉండటం. దాని పాత కాలం రూపమే ‘షుడ్’. ‘ఆట్ టు’ కూడా ‘ఓ’ అనే మాటకు, అంటే బాకీ పడటం అనే మాటకు, చుట్టమే. మన ‘ఆలి’ అవసరంలోంచి పుడితే, వాళ్ల షుడ్ అప్పులోంచి పుట్టింది. ఇప్పుడు మాట్లాడేవాళ్లకు ఆ అప్పు గుర్తుండదు, కానీ అన్నీ ఒకే సంచిలో వేసే అలవాటు మాత్రం వాళ్లకు లేదు. రూల్‌కు ఒక మాట, సలహాకు ఒక మాట, బలవంతానికి ఇంకో మాట. మనం ఆ అన్నింటికీ ‘ఆలి’ అని ఒకే అనువాదం బట్టీ పట్టాం. చిక్కంతా అక్కడే.

నాకు తగిలిన దెబ్బ

మొదటి ఉద్యోగంలో బయటి దేశం క్లయింట్ ఒకాయన నా కోడ్ చూసి ఒక కామెంట్ పెట్టాడు: ‘యూ మైట్ వాంట్ టు యాడ్ ఎ చెక్ హియర్.’

నేను దాన్ని పదం పదం తెలుగు చేసుకున్నా. ‘నీకు ఇక్కడ ఒక చెక్ పెట్టాలని అనిపించవచ్చు.’ అనిపించలేదు. వదిలేశా.

ఆ శుక్రవారం రాత్రి కోడ్ లైవ్‌లోకి వెళ్లింది. ఒకే రికార్డు రెండుసార్లు వస్తే ఆపే చెక్ అది. లేకపోయేసరికి తెల్లారేలోపు ఎంట్రీలన్నీ డబుల్ అయ్యాయి. శని, ఆదివారాలు ముగ్గురం కూర్చుని శుభ్రం చేశాం. సోమవారం కాల్‌లో ఆయన అరవలేదు. “ఐ డిడ్ ఆస్క్ ఫర్ దిస్” అన్నాడంతే. చెప్పానుగా అని. ఆ ఏడాది అప్రైజల్‌లో ‘ఫీడ్‌బ్యాక్ పట్టించుకోదు’ అన్న ముక్క నా పేరు పక్కన చేరింది.

నేను పట్టించుకోకపోవడం కాదు. ఆ మాట సైజు నాకు తెలియలేదు. చాలా ఆఫీసుల్లో ‘యూ మైట్ వాంట్ టు’ అంటే ‘చెయ్యమ్మా’ అని. పైన ఉన్నవాళ్లు ఎంత మెత్తగా అంటే అంత గట్టిగా వినాలి. మన ఇళ్లలో పెద్దాయన ‘నీ ఇష్టం బిడ్డా’ అంటే ఎంత ఇష్టం ఉంటుందో మనకు తెలియదా? అదే ఇది.

‘అండి’ ఎక్కడ పోయింది?

తర్వాత నేనే ఒక మెయిల్ రాశా. క్లయింట్ టీమ్‌లో ఒకామె దగ్గర లాగ్స్ కావాలి. నా తలలో ఉన్న వాక్యం చాలా మర్యాదగా ఉంది: ‘మీరు ఈరోజు లాగ్స్ పంపాలండి.’ మెయిల్‌లోకి వచ్చేసరికి అది ‘యూ మస్ట్ సెండ్ ద లాగ్స్ టుడే’ అయింది. ఆమె పంపింది. తోడుగా ఒక్క ముక్క కూడా రాయలేదు.

మా టీమ్ లీడ్ పిలిచి కూర్చోబెట్టింది. “నువ్వు ఆమె మేనేజర్‌వా?” అని అడిగింది.

ఆ రోజు నాకు అర్థమైన విషయం ఇది. తెలుగులో మర్యాద ‘మీరు’లో ఉంటుంది, ‘అండి’లో ఉంటుంది, ‘సార్’లో ఉంటుంది, మన దగ్గరైతే ‘జర’ అనే ఆ చిన్న మాటలో ఉంటుంది. ‘జర ఆ లాగ్స్ పంపరాదు’ అంటే ఎవరికి కోపం వస్తుంది? ఇంగ్లీష్‌లో ‘నువ్వు’, ‘మీరు’ రెండూ ‘యూ’నే. ‘అండి’కి చోటు లేదు. అందుకని వాళ్లు మర్యాదను చాలావరకు ఈ కుడ్, వుడ్, మైట్‌ల మీద మోపారు. మనం ‘అండి’ని తీసేసి, దాని బదులు ఏమీ పెట్టకుండా, ‘ఆలి’ని మస్ట్‌గా మార్చి పంపేస్తాం. అవతలివాళ్లకు మన మర్యాద అందదు, ఆర్డర్ మాత్రమే అందుతుంది.

లాగ్స్ మెయిల్‌ను ఇప్పుడు రాస్తే ‘కుడ్ యూ సెండ్ మీ ద లాగ్స్ టుడే?’ అని రాస్తా. పని అదే, టైమ్ కూడా అదే.

‘బెటర్’ ఇంకో ఉచ్చు. ‘రేపు వస్తే బెటర్ సార్’ అని మనం ఎంతో వినయంగా అంటాం. దాన్నే ‘యూ బెటర్ కమ్ టుమారో’ అంటే బెదిరింపు. రాకపోతే నీ సంగతి చూస్తా అన్నట్టు వినిపిస్తుంది. పై అధికారితో ‘ఇట్ వుడ్ బి బెటర్ ఇఫ్ యూ కుడ్ కమ్ టుమారో’ అనాలి. పొడుగ్గా ఉందంటారా? మర్యాద ఏ భాషలోనైనా నాలుగు అక్షరాలు ఎక్కువే తింటుంది.

రావాల్సింది, వచ్చి ఉండాలి

కొన్ని చోట్ల మన భాషే క్లియర్‌గా ఉంటుంది, ఇంగ్లీషే తికమక పెడుతుంది.

ఒకసారి మెయిల్ వచ్చింది: ‘యూ షుడ్ హ్యావ్ రిసీవ్డ్ ద యాక్సెస్ బై నౌ.’ నన్ను తిడుతున్నారనుకున్నా. యాక్సెస్ తీసుకోవాల్సింది, తీసుకోలేదు, తప్పు నాదే అని వెంటనే సారీ చెబుతూ జవాబిచ్చా. యాక్సెస్ అందనందుకు నేను సారీ చెప్పిన మెయిల్ ఇప్పటికీ నా ఇన్‌బాక్స్‌లో ఉంది. అసలు ఆయన చెప్పింది ‘ఈపాటికి మీకు అంది ఉండాలే’ అని. అంచనా మాత్రమే.

తెలుగులో ఇవి రెండు వేర్వేరు మాటలు. ‘బస్సు వచ్చి ఉండాలి’ అంటే వచ్చే ఉంటుందని అంచనా. ‘వాడు రావాల్సింది’ అంటే రాలేదు, అది తప్పు అని. మనకు రెండు పెట్టెలుంటే, ఇంగ్లీష్ రెండింటినీ ‘షుడ్ హ్యావ్’ అనే ఒకే పెట్టెలో పెట్టింది. చదివేటప్పుడు ఏదో మనమే పోల్చుకోవాలి.

‘మస్ట్ నాట్’ కూడా అంతే. మస్ట్ అంటే చెయ్యాలి కాబట్టి మస్ట్ నాట్ అంటే చెయ్యక్కర్లేదు అనుకుంటారు చాలామంది. కాదు. మస్ట్ నాట్ అంటే చెయ్యొద్దు, చెయ్యకూడదు. చెయ్యక్కర్లేదు అనడానికి ‘డోంట్ హ్యావ్ టు’ లేదా ‘నీడ్ నాట్’. మందు చీటీ మీద ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో ఆలోచించండి. ‘పరగడుపున వేసుకోకూడదు’ వేరు, ‘పరగడుపునే వేసుకోనక్కర్లేదు’ వేరు.

నిన్నటి సంగతి చెప్పాలంటే మస్ట్ పనికిరాదు. ‘నిన్న ఆఫీసులో ఉండాల్సి వచ్చింది’ అంటే ‘ఐ హ్యాడ్ టు స్టే’. ‘హి మస్ట్ హ్యావ్ స్టేడ్’ అంటే ‘ఉండి ఉంటాడు’ అని. ‘తొమ్మిదింటికి రావాల్సింది, కానీ...’ అని సాకు చెప్పడానికి అచ్చంగా సరిపోయేది ‘ఐ వాజ్ సపోజ్డ్ టు కమ్ ఎట్ నైన్’. ఆ వాక్యం విన్నవాళ్లకు మీరు రాలేదని వెంటనే తెలిసిపోతుంది, మన ‘రావాల్సింది’ లాగే.

మెషీన్లు రాసేవాళ్లకూ ఇదే తలనొప్పి

ఇదంతా ఇంగ్లీష్ రానివాళ్ల గోల అనుకోకండి. ఇంగ్లీష్‌లోనే పుట్టి పెరిగిన ఇంజినీర్లకు కూడా ఈ మాటల మీద పంచాయితీ పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ నడిచే పద్ధతులు చాలావరకు ఆర్ఎఫ్‌సీలు అనే పత్రాల్లో ఉంటాయి. ఒక కంపెనీ చేసిన సాఫ్ట్‌వేర్, ఇంకో కంపెనీ చేసిన సాఫ్ట్‌వేర్ కలిసి పనిచెయ్యాలంటే ఇద్దరూ ఆ పత్రాన్ని ఒకేలా అర్థం చేసుకోవాలి. ఒకరు షుడ్ అంటే తప్పనిసరి అనుకుని, ఇంకొకరు కాదనుకుంటే అయిపోయినట్టే. అందుకే 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ అనే ఆయన ఒక చిన్న పత్రం రాశాడు. దాని నంబర్ ఆర్ఎఫ్‌సీ 2119. అందులో ఉన్నది ఈ మాటల అర్థాలే. మస్ట్ అంటే తప్పించుకోలేనిది. షల్ అన్నా అదే. షుడ్ అంటే మామూలుగా చెయ్యాల్సిందే, కానీ గట్టి కారణం ఉంటే, దాని పర్యవసానాలు ఆలోచించుకుని మానొచ్చు. మే అంటే నీ ఇష్టం. 2017లో దానికి ఇంకో సవరణ, ఆర్ఎఫ్‌సీ 8174, వచ్చింది. ఈ మాటలు అన్నీ పెద్దక్షరాల్లో ఉంటేనే ఆ ప్రత్యేక అర్థం, చిన్నక్షరాల్లో ఉంటే మామూలు ఇంగ్లీష్ అర్థమే అని తేల్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత కూడా షుడ్ గురించి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చిందంటే, మా తమ్ముడిని ఏమని తప్పు పడతాం?

ఒక్క మాట, యాభై రెండేళ్లు

మాట బలం ఎంతుంటుందో చూడాలంటే మన రాజ్యాంగమే చూడొచ్చు. 1950లో అమల్లోకి వచ్చినప్పుడు 45వ అధికరణం, పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం పదేళ్లలోపు ‘షల్ ఎండెవర్’ అంది. షల్ ఉంది, గట్టి మాటే. కానీ దాని పక్కన ‘ఎండెవర్’ ఉంది. తప్పనిసరి అయింది ప్రయత్నం, చదువు కాదు. పైగా ఆ భాగంలోని ఆదేశిక సూత్రాలను కోర్టుకెళ్లి అమలు చేయించుకునే వీలు లేదు.

పదేళ్లు పోయాయి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కే అంది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ప్రభుత్వం ఉచిత నిర్బంధ విద్య ‘షల్ ప్రొవైడ్’. ఎండెవర్ పోయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టంతో పాటు అది అమల్లోకి వచ్చింది. ‘అందించడానికి ప్రయత్నించాలి’ నుంచి ‘అందించాలి’ దాకా రావడానికి యాభై రెండేళ్లు పట్టింది. దాని అమలుకు ఇంకో ఎనిమిదేళ్లు.

మన నోటిఫికేషన్ల షుడ్ వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆర్ఎఫ్‌సీ చెప్పింది కదా అని గవర్నమెంట్ నోటిఫికేషన్ ముందు దాన్ని వాడకండి. మన దేశంలో ‘క్యాండిడేట్స్ షుడ్ బ్రింగ్ హాల్ టికెట్’ అంటే తేవాల్సిందే. తేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. మన ఆఫీసు ఇంగ్లీష్‌లో షుడ్‌ను మస్ట్ బదులు వాడటం ఎప్పటి నుంచో ఉంది.

ప్రైవేట్ కంపెనీల ప్రకటనల్లో మాత్రం తేడా చూడాలి. ‘మస్ట్ హ్యావ్’ కింద ఉన్నవి లేకపోతే కష్టం. ‘గుడ్ టు హ్యావ్’, ‘ప్రిఫర్డ్’ కింద ఉన్నవి లేకున్నా అప్లై చెయ్యొచ్చు. మన దగ్గర చాలామంది పిల్లలు రెండో లిస్టు చూసే భయపడి ఆగిపోతారు. మా తమ్ముడే రెండు చోట్ల అలా వదిలేశాడట.

సిద్దిపేటలో ఈ మాటల అవసరం ఇప్పుడు పెరిగింది. 2023 జూన్‌లో ఊళ్లో ఐటీ టవర్ మొదలైంది. ఆ అక్టోబర్‌లో రైలూ వచ్చింది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీష్ మీడియం పెట్టారు. ఆ పిల్లలకు ‘షుడ్ అంటే ఆలి’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే, పదేళ్ల తర్వాత వాళ్లూ నాలాగే ఒక శనివారం కూర్చుని డబుల్ ఎంట్రీలు తుడుచుకుంటారు.

ఫోన్‌లో దాచుకోండి

చేస్తే మంచిది: షుడ్
చెయ్యాలి, చెప్తున్నది నేనే: మస్ట్
చెయ్యక తప్పదు, రూల్ అది: హ్యావ్ టు
చెయ్యాల్సింది, కానీ...: వాజ్ సపోజ్డ్ టు
చేసి ఉండాలి, అంచనా: షుడ్ హ్యావ్, మస్ట్ హ్యావ్
చెయ్యొద్దు: మస్ట్ నాట్
చెయ్యక్కర్లేదు: డోంట్ హ్యావ్ టు
జర చెయ్యరాదు: కుడ్ యూ
చెయ్యకుంటే నీ ఇష్టం, తర్వాత నన్ననకు: హ్యాడ్ బెటర్

ఇంతకీ ఆ మెయిల్?

కట్ట మీద బెంచీ చూసుకుని కూర్చున్నాం. ముందు వాడికి ఆ షుడ్ సంగతి చెప్పా. “అది మాట ఇవ్వడం కాదురా. ‘శుక్రవారానికల్లా రావొచ్చు, వస్తుందనే అనుకుంటున్నాం’ అని. బస్సు ఈపాటికి రావాలె అని మనం అనమా? బస్సు మనకు మాటిచ్చిందా?”

వాడు కాసేపు చెరువు వైపు చూశాడు. “మరి నేను అమ్మకు శుక్రారం పక్కా అని చెప్పిన కదక్కా” అన్నాడు. వాడి బాధ ఇంగ్లీష్ కాదు, అది. రెండు రోజులుగా చిన్నమ్మ వాడిని ఏమీ అడగట్లేదట. అడగకపోవడమే ఎక్కువ బాధట.

పాత జవాబు చెరిపేసి కొత్తది వాడితోనే రాయించా. ‘ఐ వాజ్ హోపింగ్ టు హియర్ ఫ్రమ్ యూ బై ఫ్రైడే. కుడ్ యూ ప్లీజ్ లెట్ మి నో ఇఫ్ దేర్ ఈజ్ ఎనీ అప్‌డేట్?’ శుక్రవారం సంగతి గుర్తు చేసింది, నిలదియ్యలేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పంపమని చెప్పా.

మంగళవారం మధ్యాహ్నం నేను హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉండగా వాడి మెసేజ్ వచ్చింది. స్క్రీన్‌షాట్. ఆలస్యానికి సారీ చెప్పి, కింద ఒక లైన్ రాశారు: ‘యూ విల్ నీడ్ టు అటెండ్ వన్ మోర్ రౌండ్.’

దాని కింద వాడి ప్రశ్న: “విల్ నీడ్ టు అంటే ఏంది అక్కా? పోవాల్నా, పోతే మంచిదా?”

“పోవాల్సి ఉంటది అని” అని కొట్టా. “తప్పనిసరే. కాకపోతే మర్యాదగా చెప్పిండ్రు. పో. ఈసారి చిన్నమ్మకు పక్కా అని చెప్పకు, రావొచ్చు అని చెప్పు.”